ఉక్రెయిన్‌లో మానవ హక్కుల కోసం బయటి దేశాలు చేస్తున్న దానివల్ల ఒరిగిందేమైనా ఉందా?

ఐక్యరాజ్యసమితి తీర్మానాలు చేసింది, అంతర్జాతీయ కోర్టు వారెంట్ ఇచ్చింది, అయినా బాంబులు పడుతూనే ఉన్నాయి కదా అని అడిగారు. నిజమే, యుద్ధం ఆపే బలం ఈ సంస్థలకు మొదటి నుంచీ లేదు. జరిగిన దానికి లెక్క రాసిపెట్టడం, పారిపోయి వచ్చినవాళ్లకు నిలబడే చోటు చూపించడం వీళ్ల చేతిలో ఉన్న పనులు. వాటిని కొంచెం దగ్గర్నుంచి చూశాను.

ఉద్యోగరీత్యా పోలండ్ రాజధాని వార్సాలో ఉంటాను. 2022లో శని, ఆదివారాలు శరణార్థుల సహాయ కేంద్రానికి వెళ్లేవాడిని. నాకు వాళ్ల భాష రాదు కాబట్టి కాగితాలు స్కాన్ చేసే పనిలో కూర్చోబెట్టారు. అక్కడ మాకు చెప్పిన మొదటి మాట: "ఏం జరిగిందని మీరు ఎవర్నీ అడగొద్దు." మనలాంటి వాళ్లు జాలిపడి అడుగుతారు, వాళ్లు మళ్లీ మళ్లీ చెప్పుకొని ఏడుస్తారు. పైగా ఒకే సాక్షి ఐదుగురికి ఐదు రకాలుగా చెబితే రేపు కోర్టులో అవతలి లాయర్ దాన్నే పట్టుకుంటాడు. ఓ పెద్దావిడ కూలిపోయిన తన ఇంటి ఫోటోలు వాట్సాప్‌లో పంపబోతుంటే అక్కడి లాయరమ్మాయి ఆపేసింది. అలా పంపితే ఎప్పుడు, ఎక్కడ తీశారన్న వివరాలు ఫైల్లోంచి పోతాయి. కేబుల్ పెట్టి అసలు ఫైళ్లే కాపీ చేయించింది.

ఇలాంటి ఓపిక పనే పైదాకా వెళ్తుంది. పిల్లల్ని అక్రమంగా రష్యాకు తరలించారన్న ఆరోపణపై 2023 మార్చి 17న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు పుతిన్‌కు, రష్యాలో బాలల హక్కుల కమిషనర్‌గా ఉన్న మరియా ల్వోవా-బెలోవాకు వారెంట్లు ఇచ్చింది. ఆ ఏడాది బ్రిక్స్ సదస్సుకు పుతిన్ దక్షిణాఫ్రికా వెళ్లలేదు, వీడియోలోనే మాట్లాడాడు. 2024లో మంగోలియాకు మాత్రం దర్జాగా వెళ్లొచ్చాడు. కోర్టులో సభ్యదేశమై ఉండి కూడా అది అరెస్టు చేయలేదు. మన దేశమైతే ఐక్యరాజ్యసమితిలో చాలా ఓటింగులకు దూరంగానే ఉండిపోయింది.

మామూలు మనిషికి అందిన పెద్ద మేలు నా దృష్టిలో తాత్కాలిక రక్షణ, అంటే యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లను కొంతకాలం ఉండనిచ్చే ఏర్పాటు. 2001లో రాసుకున్న ఈ చట్టాన్ని యూరోపియన్ యూనియన్ 2022 మార్చిలో మొదటిసారి వాడింది. పోలండ్‌లో పెసెల్ అనే గుర్తింపు నంబర్ చేతికొస్తే ఉద్యోగం, బడి, ఆసుపత్రి అన్నిటికీ దారి దొరికేది. బెలారస్ సరిహద్దులో వేరే దేశాలవాళ్లను ఇదే పోలండ్ వెనక్కి నెట్టింది, అదీ చూశాం. ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతున్న మన తెలుగు పిల్లలకు దొరికింది దాటి వెళ్లే దారి మాత్రమే. అక్కణ్నుంచి ఆపరేషన్ గంగ విమానాల్లో ఇంటికి చేరారు.

నాకు భయమల్లా డబ్బు దగ్గరే. రోజువారీ పని చేసేది స్థానిక సంస్థలు. 2022 నోబెల్ శాంతి బహుమతి పంచుకున్న కీవ్‌లోని సెంటర్ ఫర్ సివిల్ లిబర్టీస్ అలాంటిదే. డబ్బిచ్చే దేశంలో ప్రభుత్వం మారితే నిధులు ఆగిపోతాయి. తరలించిన పిల్లల ఆచూకీ తీస్తున్న యేల్ యూనివర్సిటీ ల్యాబ్‌కు 2025లో అమెరికా అదే చేసింది.

మీకు తెలిసిన ఉక్రెయిన్‌వాళ్లు ఎవరికైనా ఇల్లు పోయి ఉంటే, యుద్ధంలో జరిగిన నష్టాలను నమోదు చేసే హేగ్‌లోని నష్టాల రిజిస్టర్‌కు ఉక్రెయిన్ ప్రభుత్వ సేవల యాప్ అయిన దియా ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చని చెప్పండి. 2024 ఏప్రిల్ నుంచి తీసుకుంటున్నారు. ఫోటోలు ఉంటే అసలు ఫైళ్లు జాగ్రత్త చేసుకోమనండి.