ఎలిక్సిర్‌లో పైప్‌కు సొంత తోక తగిలించుకోవచ్చా? నేను తగిలించాను, మీరు వద్దు

ఎలిక్సిర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక ఫంక్షన్ ఫలితాన్ని తర్వాతి ఫంక్షన్‌కు అందించే పైప్ గుర్తు |> లాగే ఉండి, మధ్యలో ఎర్రర్ వస్తే మిగతా ఫంక్షన్లన్నీ దాటేసే ఆపరేటర్ సొంతంగా రాసుకోవచ్చా అని అడిగారు. రాసుకోవచ్చు. ~> లాంటి కొన్ని గుర్తులను ఆ భాష మనకోసమే ఖాళీగా వదిలింది. చిన్న మాక్రోతో, అంటే కోడ్‌ను రాసిపెట్టే కోడ్‌తో, పనైపోతుంది. నాకూ అయిపోయింది, బాధంతా అక్కడే.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కాటా సాఫ్ట్‌వేర్ చేశాను. దింపిన ట్రాక్టర్ మళ్లీ కాటా ఎక్కితే ఖాళీ బరువు చదవాలి, నిండు బరువులోంచి తీసేయాలి, తరుగు కొట్టాలి, రేటు కట్టాలి, చీటీ ప్రింట్ చేయాలి. ఐదు ఫంక్షన్లు, నాలుగు ~> గుర్తులు. రాసిన రోజు దాన్ని చూసుకుని తెగ మురిసిపోయాను.

జూన్‌లో ఒక రాత్రి పదకొండుకు సెక్యూరిటీ ఆయన ఫోన్. ‘సార్, చీటీ రాలా’. తిరుపతి నుంచి బైక్ మీద వెళ్లేసరికి గేటు బయట ట్రాక్టర్ల వరుస. తోతాపురి లోడు దింపేసిన రైతు ఒకాయన నా చెయ్యి పట్టుకుని, ‘కాయంతా లోపల పోసేసినా. చీటీ ఏదప్పా?’ అన్నాడు. ఏం చెప్పాలి? స్క్రీన్ మీద ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క అక్షరం లేదు.

చివరికి చూస్తే కాటా నుంచి కంప్యూటర్‌కు వచ్చే కేబుల్ ఊడి ఉంది. మొదటి ఫంక్షనే ఎర్రర్ ఇచ్చింది. నా ~> దాన్ని బుద్ధిగా మోసుకుంటూ తరుగు దాటేసింది, రేటు దాటేసింది, ప్రింట్ కూడా దాటేసింది. చివర చేతికొచ్చిన ఎర్రర్‌ను నేను చూడనే లేదు. తప్పు నీది, ఆపరేటర్‌ది కాదంటారేమో. ఔను, కానీ మామూలు |> అయితే ఆ ఎర్రర్ టపుల్ (ఎర్రర్ అనే గుర్తు, దాని కారణం కలిపిన జత) తీసివేత దగ్గరే క్రాష్ అయ్యేది, లాగ్‌లో లైన్ నంబరుతో సహా దొరికేది.

ఇంకో తలనొప్పి. కొత్తగా చేరిన కుర్రాడు ~> అంటే ఏమిటని గూగుల్‌లో వెతికితే ఏం దొరుకుతుంది? అది నా బుర్రలో తప్ప ఎక్కడా లేదు. ఎలిక్సిర్ అంటేనే మా మామ ఏదో టానిక్ అనుకుంటున్నాడు, దానికి నేను మళ్లీ సొంత గుర్తులు కలపడం!

ఇప్పుడు అదంతా ఎలిక్సిర్‌లోనే ఉన్న ‘విత్’లో రాశాను, ‘ఎల్స్’ కింద ప్రతి ఎర్రర్‌కూ ఏం చేయాలో విడిగా ఉంటుంది. ఎఫ్ షార్ప్ అనే మరో భాష నుంచి వచ్చినవాళ్లకు ఇంకో ఇబ్బంది: అక్కడ పైప్ విలువను చివరి ఆర్గ్యుమెంట్‌గా ఇస్తుంది, ఇక్కడ మొదటిదిగా. దానికీ కొత్త ఆపరేటర్ అక్కర్లేదు, విలువను మనకు కావలసిన చోట పెట్టుకోనిచ్చే ‘దెన్’, 2021లో వచ్చిన ఎలిక్సిర్ 1.12 నుంచి ఉంది.

ఆ రాత్రి చీటీలు చేత్తోనే రాశాం. ఊడిన కేబుల్‌కు సెక్యూరిటీ ఆయన చుట్టిన నల్ల టేపు ఇప్పటికీ అలాగే ఉంది.