మగ, ఆడ కుందేళ్లను ఒకే బోనులో ఉంచవచ్చా?

ప్రశ్న: కొబ్బరి తోటలో పాక వేసి న్యూజిలాండ్ వైట్ కుందేళ్లు పెంచుతున్నాను. రెండు మగవి, అయిదు ఆడవి ఒకే జాలీ గదిలో ఉంటాయి. ఆడవి ఈనుతున్నా పిల్లలు రెండు మూడు రోజుల్లో చచ్చిపోతున్నాయి. కొన్నింటి మీద కొరికిన గాట్లున్నాయి. ఒక మగదానికి వృషణాల దగ్గర గాయమైంది. జంటలుగా విడదీస్తే సరిపోతుందా?
– ఒక రైతు, అంబాజీపేట

జవాబు: జంటలుగా విడదీసినా నష్టం ఆగదండీ. మూడో నెల నిండేసరికి ఆడ, మగ వేరుపడాలి. ఈడొచ్చాక ఏ కుందేలు బోను దానికే ఉండాలి. మగ, ఆడ కలవాల్సింది దాటించే (జత కట్టించే) ఆ కాసేపే.

గేదెకు వచ్చినట్టు కుందేలుకు 21 రోజులకోసారి ఎద రాదు. మగది దాటిన 10 గంటలకు అండం విడుదలవుతుంది. ఈనిన రోజునే దాటినా చూలు నిలుస్తుంది. మగది పక్కనే ఉంటే ఆడది ఒకపక్క పాలిస్తూ, మరోపక్క మళ్లీ పిల్లలను మోస్తూ చిక్కిపోతుంది. అంతకన్నా పెద్ద నష్టం, ఏది ఎప్పుడు దాటిందో తెలియకపోవడం. తేదీ తెలియక, పిల్లలు పెట్టడానికి ఉంచే ఈత పెట్టె సమయానికి పెట్టరు. వెంట్రుకల్లేకుండా పుట్టిన పిల్లలు జాలీ మీదే చల్లబడి చనిపోతాయి, మిగతా కుందేళ్ల కాళ్ల కింద నలుగుతాయి. చుట్టూ అలికిడి ఉన్నా, ఈనే వేళ తాగడానికి నీళ్లు లేకున్నా తల్లే పిల్లలను కొరుకుతుంది. ఆడవి రెండు ఒకచోట ఉన్నా చిక్కే. ఒకదానిపై ఒకటి ఎక్కితే దొంగ చూలు (కడుపులో పిల్లలు లేకున్నా చూలు నిలిచినట్టు ఉండటం) వచ్చి, 16–18 రోజులు ఉత్తినే గడిచిపోతాయి.

మగవి కలిస్తే వృషణాలే లక్ష్యంగా కొరుక్కుంటాయి. గాయాన్ని పొవిడోన్ అయోడిన్‌తో రోజూ శుభ్రం చేయండి. మన తేమకు ఈగలు వాలి పురుగు పడుతుంది కాబట్టి పశువైద్యుడికి వెంటనే చూపించండి.

బోను ఆడదానికి 90×60×45 సెం.మీ., మగదానికి 60×60×45 సెం.మీ. ఉండాలి. నేల నుంచి మూడడుగుల ఎత్తున కట్టండి. ఆడదాన్ని అయిదారు నెలలకు, మగదాన్ని ఏడో నెలకు దాటించవచ్చు.

దాటించేటప్పుడు ఆడదాన్నే మగదాని బోనులోకి తీసుకెళ్లాలి. తన బోనులోకి మగది వస్తే ఆడది తరిమి కొరుకుతుంది. ఉదయం గానీ సాయంత్రం గానీ, మానం (యోని ద్వారం) ఎర్రబడి ఉబ్బినదాన్ని మగదాని దగ్గర వదలండి. పాలిపోయి ఉంటే ఆ రోజు మానండి. దాటగానే మగది చిన్నగా అరిచి పక్కకు ఒరుగుతుంది. ఇంకోసారి దాటనిచ్చి ఆడదాన్ని వెనక్కి తెచ్చేయండి. పది నిమిషాల్లో ఒప్పుకోకపోతే మర్నాడు చూడండి. మగదాన్ని వారానికి రెండు మూడుసార్లకు మించి వాడకండి. మీ అయిదింటికి ఒకటి చాలు, రెండోది అవసరానికి ఉంటుంది. సొంత కూతుళ్ల మీదకు మాత్రం వదలొద్దు.

తేదీని బోనుకు తగిలించిన కార్డు మీద రాయండి. 12–14వ రోజున పొట్ట కింద మెల్లగా తడిమితే ద్రాక్షపండ్లంత ముద్దలు తగులుతాయి. చేయి తిరిగినవారితో ఒకసారి చేయించుకుని నేర్చుకోండి, గట్టిగా నొక్కితే పిల్లలు పోతాయి. 27వ రోజున 50×30×30 సెం.మీ. చెక్క పెట్టె పెట్టి, తుంచిన పొడి వరిగడ్డి పరవండి. కొబ్బరి పీచు చేతికందుతుందని వేయకండి, పొడవు పోగులు పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి. 31వ రోజు అటూ ఇటుగా ఈనుతుంది. తల్లి రోజుకోసారే పాలిస్తుంది, పెట్టెలోకి వెళ్లడం లేదని కంగారు పడనక్కర్లేదు. పిల్లలను అయిదారు వారాలకు విడదీశాక మళ్లీ దాటించండి.

ఏప్రిల్ నుంచి జూన్ మధ్య వరకు దాటించకపోవడమే మేలు. 32 డిగ్రీలు దాటిన వేడి రోజుల తరబడి ఉంటే వీర్యం చెడుతుంది, కోలుకోవడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. కోనసీమ ఉక్కలో తడి గోనెలు కట్టినంత మాత్రాన లాభం తక్కువ. తాటాకు కప్పు వేసి, పక్కలు గాలి ఆడేలా తెరిచి ఉంచడమే ముఖ్యం.

ఇప్పుడు మీ దగ్గరున్న అయిదింటినీ చూడివిగానే లెక్కేయండి. విడదీసిన రోజునే అన్నింటికీ పెట్టెలు పెట్టి, తడిసిన గడ్డి మారుస్తూ ఉండండి. 33 రోజుల్లోపు ఈననిది ఖాళీదే. దాన్నే ముందుగా మగదాని దగ్గరకు తీసుకెళ్లండి.