ఆశ చువ్వలు: మేనకోడలికి ఉత్తరం

చిట్టీ,

నీ మెసేజ్ రాత్రి చదివాను. మెక్సికో ఆర్కిటెక్ట్ తతియానా బిల్బావో ఉపన్యాసం విన్నావని, రెండు రోజులుగా నిద్ర పట్టడం లేదని, త్రీడీ వ్యూలు చేసే ఉద్యోగం మానేసి సొంతంగా పని మొదలుపెట్టాలనుకుంటున్నావని రాశావు. టిఫిన్ సెంటర్ నడిపే ఒకావిడ తన ఇల్లు గీసిపెట్టమని నిన్నే అడిగిందన్న మాట చదివి చాలా సంతోషించాను. "అత్తా, ఆమెలా పని చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదిది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆమె గురించి చదివేటప్పుడు అందరూ ఫోటోలు చూస్తారు. నువ్వు సంవత్సరాలు చూడు. 1972లో మెక్సికో సిటీలో పుట్టింది. తాత తొమాస్ బిల్బావో కూడా ఆర్కిటెక్టే. స్పెయిన్ రిపబ్లిక్ ప్రభుత్వంలో మంత్రిగా చేసి, అంతర్యుద్ధంలో ఆ ప్రభుత్వం ఓడిపోయాక మెక్సికోకి ప్రవాసం వచ్చినవాడు. ఈమె పుట్టేనాటికే ఆయన లేడు. 1996లో ఇబెరోఅమెరికానా విశ్వవిద్యాలయంలో చదువు పూర్తి చేసింది. తర్వాత 1998, 99లలో మెక్సికో సిటీ ప్రభుత్వంలో ఇళ్లూ నగరాభివృద్ధీ చూసే శాఖలో సలహాదారుగా పనిచేసింది. ఆమె గురించి రాసేవాళ్లు ఈ ముక్కను ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం అదే ముఖ్యం అనిపిస్తుంది. నగరం ఎక్కడ పెరుగుతోంది, ఏ ఫైలు ఎక్కడ ఆగుతుంది, పేదవాడి ఇంటి సైజు ఎవరు నిర్ణయిస్తారు? ఇవన్నీ ఆఫీసు లోపల కూర్చుని చూస్తేనే తెలుస్తాయి. నువ్వు ప్రభుత్వ ఉద్యోగంలో చేరమని నేననను. కానీ ఆ టిఫిన్ సెంటర్ ఆవిడ ఇంటి ప్లాన్ అనుమతి కోసం మున్సిపల్ ఆఫీసుకి నువ్వే వెళ్లు. ఏజెంటుకి అప్పగించకు. ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, అదే సెట్‌బ్యాక్ ఎంత, రోడ్డు వెడల్పు ఎంత, ఎందుకు అంత అని కౌంటర్ దగ్గర నిలబడి అడిగి తెలుసుకో.

1999లో ఆమె ఫెర్నాండో రొమేరో అనే ఆర్కిటెక్టుతో కలిసి నగరం మీద పనిచేసే ఒక లాబొరేటరీ పెట్టింది. 2004లో సొంత ఆఫీసు తెరిచింది. అదే ఏడాది డెరెక్ డెలెకాంప్, ఆర్తురో ఒర్తిస్, మిషెల్ రోహ్కింద్ అనే ఆర్కిటెక్టులతో కలిసి నగర పరిశోధన కోసం మరో సంస్థ మొదలుపెట్టింది. ఆ ముగ్గురూ పనుల కోసం ఆమెతో పోటీ పడదగినవాళ్లే. అయినా కలిసి కూర్చుని నగరం గురించి ఆలోచించారు. నీ బ్యాచ్‌లో నమ్మకమైనవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు కదా, నెలకో ఆదివారం ఒకరి పని ఒకరికి చూపించుకోండి. ఒంటరిగా కూర్చుంటే మన తప్పు మనకి కనిపించదు, పైగా టెన్షన్ ఒకటి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, ఇళ్ల సంగతికి.

మెక్సికోలో జీతం తీసుకునే కార్మికుల ఇళ్ల కోసం ఇన్ఫోనవిత్ అని ఒక సంస్థ ఉంది. 1972లో పెట్టారు. యజమానులు జీతంలో 5 శాతానికి సమానమైన మొత్తం దానికి కడతారు, అందులోంచి కార్మికులకి ఇంటి అప్పు ఇస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ 2000 తర్వాత పెద్ద బిల్డర్లు ఊరికి దూరంగా, చవక భూముల్లో, వేలకి వేలు ఒకే అచ్చులో ఇళ్లు పోశారు. పనికి వెళ్లి రావడానికే రోజులో గంటలు పోయేవి. అలాంటి చోట్ల ఇళ్లు వదిలేసి వెళ్లిపోయినవాళ్లు ఎందరో. అప్పు మాత్రం వెంటే ఉంది.

బిల్బావో ఆఫీసు చవక ఇంటి నమూనా చేయాలనుకున్నప్పుడు ఈ నేపథ్యం అంతా ఉంది. అప్పటి అక్కడి నిబంధన ప్రకారం ఇంటికి కనీసం 43 చదరపు మీటర్లు ఉంటే సరిపోయేది. అంటే మన లెక్కలో సుమారు 460 చదరపు అడుగులు. తెలంగాణ డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 అడుగులు కదా, దానికంటే చిన్నది. ఆమె ఆఫీసు వాళ్లు పెన్సిల్ పట్టుకునే ముందు సుమారు 2,000 మందిని కలిసి మాట్లాడారు. మీకు ఇల్లంటే ఏమిటి, ఎలా ఉండాలి అని అడిగారు. జవాబుల్లో ఒకటి నన్ను చాలా ఆలోచింపజేసింది. ఇల్లు పూర్తయినట్టు కనిపించాలి అన్నారు జనం.

ఎందుకో చెబుతాను. మన ఊళ్లలో స్లాబు వేశాక పిల్లర్ల మీద ఇనుప చువ్వలు వదిలేస్తాం కదా, రేపు పిల్లాడి పెళ్లికి పైన ఒక అంతస్తు వేద్దామని? మెక్సికోలోనూ అచ్చంగా అంతే. వాళ్లు ఆ చువ్వలకి ఒక పేరు కూడా పెట్టుకున్నారు, "ఆశ చువ్వలు" అని. అక్కడ చాలామంది ఇల్లు తామే కట్టుకుంటారు, డబ్బు చేతికొచ్చినప్పుడల్లా ఒక గది. ఆ చువ్వలు తుప్పు పడుతూ పది, ఇరవై ఏళ్లు ఆకాశం వైపు చూస్తుంటాయి. దగ్గర్నుంచి చూసేవాడికి అది ఆశ. దాటిపోయేవాడికి సగంలో ఆగిపోయిన ఇల్లు. ఆ చూపు పేదవాడికి గుచ్చుకుంటుంది.

చిలీలో ఎలెమెంతాల్ అనే ఆర్కిటెక్టుల సంస్థ 2004లో ఇకీకే ఊళ్లో సగం ఇల్లు కట్టి ఇచ్చి మిగతా సగం మీరే కట్టుకోండి అంది. ప్రపంచమంతా మెచ్చుకుంది, నేనూ మెచ్చుకున్నాను. బిల్బావో తన జనం మాట విని వేరే దారి పట్టింది. మధ్యలో సిమెంటు దిమ్మెలతో గట్టి భాగం కట్టి, దాని చుట్టూ చెక్క ప్యాలెట్ల లాంటి చవక, తేలిక సామానుతో మిగతా భాగాలు చేర్చింది. పైన వాలు కప్పు, చిన్నపిల్లలు గీసే ఇంటి బొమ్మలా. మొదటి దశలో రెండు పడకగదులు, స్నానాల గది, వంటగది, 5 మీటర్ల ఎత్తున్న హాలు. డబ్బు చేరేకొద్దీ లోపల గదులు పెంచుకుంటూ పోవచ్చు, అయిదు పడకగదుల దాకా. ఏ దశలో చూసినా బయటికి పూర్తయిన ఇల్లే. కట్టడానికి సుమారు 8,000 డాలర్ల నుంచి మొదలు. 2015లో రెండేళ్లకోసారి జరిగే ప్రదర్శన చికాగో ఆర్కిటెక్చర్ బియన్నాలేలో దీన్ని నిలువెత్తు నమూనాగా చూపించారు. కొవావీలా రాష్ట్రంలోని సియుదాద్ అకూన్యాలో అదే ఏడాది టొర్నాడో ఊరిని ధ్వంసం చేస్తే, అక్కడ ఇలాంటి 23 ఇళ్లు కట్టారు.

ఆ 5 మీటర్ల హాలు గురించి ఆలోచించు. ఖాళీ ఎత్తు మీద డబ్బు తగలేశారని ఏ ఇంజనీరైనా అంటాడు. కానీ రేపటి గది ఉండేది ఆ ఎత్తులోనే. పెరగబోయే ఇంటిని ఇంటి లోపలే దాచింది ఆమె. ఆ ప్లాన్ చూసిన రోజు నేను నా పాత పని ఒకటి గుర్తు చేసుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

నీకెప్పుడూ చెప్పలేదు. నేను ఒక సంస్థలో పనిచేసే రోజుల్లో చేనేత కుటుంబాల కోసం కాలనీ గీశాను. రెండు గదులు, వెనక వంట, ముందు వరండా, నున్నటి గచ్చు. డ్రాయింగు నాకే ముద్దుగా అనిపించింది. రెండేళ్ల తర్వాత చూడ్డానికి వెళ్తే దాదాపు ప్రతి ఇంట్లో ముందు గది గచ్చు పగలగొట్టి ఉంది. గుంట మగ్గం పెట్టుకోవడానికి గుంట తవ్వారు. మగ్గం గది మింగేసింది, మనుషులు వరండాలో పడుకుంటున్నారు. పడుగు సాగదీయడానికి పొడవాటి వీధి కావాలి. నేను అందంగా ఉంటుందని వీధిని వంపులు తిప్పాను. ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "అడిగి ఉంటే చెప్పేదాన్ని కదమ్మా" అంది. కోపం లేదు ఆ మాటలో. కోప్పడి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. నన్ను వెళ్లి అడగమని ఎవరూ పంపలేదు, నాకై నేనూ వెళ్లలేదు. ఒక్క పూట, ఒక్క ఇంట్లో కూర్చుని ఉంటే ఆ గుంట నా డ్రాయింగులోనే ఉండేది.

కాబట్టి చిట్టీ, ముందు వెళ్లి అడుగు. అయితే "మీకు ఎలాంటి ఇల్లు కావాలి?" అని అడగకు. అలా అడిగితే పక్క వీధిలో ఇల్లు చూపించి అలాగే కావాలంటారు. ఆవిడ పొద్దున ఎన్నింటికి లేస్తుంది? పిండి గ్రైండర్ ఎక్కడ పెడుతుంది, ఆ చప్పుడుకి పిల్లల నిద్ర ఎలా? సిలిండర్లు ఎన్ని, బియ్యం బస్తాలు ఎక్కడ, గిన్నెలు కడిగిన నీళ్లు ఎటు పోతాయి? మధ్యాహ్నం ఓ గంట నడుం వాలుస్తుందా, ఎక్కడ? వాస్తు గురించి ఆవిడకి పట్టింపు ఉంటే దాన్ని తీసిపారేయకు, ఏ పట్టింపు దేనికో విను. పదేళ్ల తర్వాత ఇంట్లో ఎంతమంది ఉంటారో అడుగు. చువ్వలు వదులుతుందో లేదో కూడా అడుగు.

రెండోది రెండర్ల సంగతి, అదే కంప్యూటర్‌లో ఫోటోలా చేసే త్రీడీ వ్యూల సంగతి. నువ్వు రోజూ చేసే పనే కాబట్టి నొచ్చుకోకుండా చదువు. బిల్బావో తన ఆఫీసులో రెండర్లు చేయడం మానేసింది. చేత్తో గీసిన బొమ్మలు, కాగితాలు కత్తిరించి అతికించిన కొలాజ్‌లు, నమూనాలు, వీటితోనే పని. ఫోటోలా కనిపించే బొమ్మ ఎదుటివాడి నోరు మూసేస్తుంది. అంతా అయిపోయినట్టు ఉంటుంది కదా, ఇక చెప్పడానికి ఏముంది అనుకుంటారు. అట్టముక్కల నమూనా పెట్టి చూడు. ఆవిడ తనే ఒక గోడ పీకి పక్కన పెడుతుంది, "ఇది ఇటుంటే?" అంటుంది. నీ చేతిలో ఆ సాఫ్ట్‌వేర్ విద్య ఉంది, పారేసుకోకు, కడుపు నింపేది అదే. ఈ ఇంటికి మాత్రం వాడకు.

సామాను గురించి ఒక ముక్క. మెక్సికోలోని హలీస్కో రాష్ట్రంలో చపాలా సరస్సు ఒడ్డున అహిహిక్ అనే ఊళ్లో ఆమె కట్టిన ఇల్లు ఉంది. డబ్బు తక్కువ. అక్కడి మట్టినే చెక్క పలకల మధ్య పోసి దిమ్మిస కొట్టి గోడలు లేపారు. వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉంటుంది. రాయలసీమ మిద్దెల్లో పెరిగిన మీ నాన్నకి ఈ మాట చెబితే ఇందులో కొత్తేముంది అంటాడు. కొత్త లేదు, నిజమే. ఆ ఊళ్లో ఆ పని తెలిసిన చేతులు ఉన్నాయా అని ముందే చూసుకోవడం ముఖ్యం. నువ్వు మట్టి గోడ గీసి మేస్త్రీకి రాకపోతే ఆ ఇల్లు పాడయ్యేది నీ వల్లే.

డబ్బు విషయం కూడా సూటిగా చెబుతాను. బిల్బావో ఒక్క పేదల ఇళ్లతో ఆఫీసు నడపలేదు. మెక్సికోలోని మొంతెరై నగరంలో ధనవంతుల పెద్ద ఇళ్లు కట్టింది, విశ్వవిద్యాలయాల భవనాలు కట్టింది, యేల్, కొలంబియా, హార్వర్డ్‌లలో పాఠాలు చెప్పింది. ఇందులో తప్పు వెతికేవాళ్లున్నారు. నాకు తప్పు కనిపించదు. పెద్ద ఇంటి ఫీజు చిన్న ఇంటి మీద ఆలోచించే సమయాన్ని కొనిపెడుతుంది. ఆమె వెనక చదువుకున్న కుటుంబం, పరిచయాలు ఉన్నాయి, అదీ నిజం. నీకు అంత లేదు. అందుకే ఆరు నెలల ఖర్చులు బ్యాంకులో పెట్టుకున్నాకే ఉద్యోగం వదులు. టిఫిన్ సెంటర్ ఆవిడ దగ్గర కూడా ఫీజు తీసుకో. కొద్దిగానే, వాయిదాల్లోనే, కానీ తీసుకో. ఊరికే చేసిన పనిలో మార్పు అడగడానికి ఆవిడకే మొహమాటం అవుతుంది.

ఇంకోటి. ఎంత తక్కువ కట్టాలో తెలిసి ఉండటం కూడా విద్యే. హలీస్కోలో తల్పా అమ్మవారి దగ్గరికి ఏటా భక్తులు కొండల్లో నడిచి వెళ్తారు. ఆ 117 కిలోమీటర్ల దారి పొడవునా నీడకీ, చూడ్డానికీ, ఆగడానికీ చోట్లు చేయాలని వేర్వేరు దేశాల ఆర్కిటెక్టులకి పనులు పంచారు. బిల్బావో, డెలెకాంప్ కలిసి చేసింది కృతజ్ఞతా ప్రార్థనా స్థలం. నాలుగు పెద్ద తెల్లటి గోడలు, పైన కప్పు లేదు. అంతే. నేను శ్రీశైలం నడకదారిలో శివరాత్రికి వెళ్లిన మనిషిని. కాళ్లు బొబ్బలెక్కి నడిచేవాడికి ఆ నాలుగు గోడలు చాలని నాకు తెలుసు.

అవార్డులు, 2012లో బెర్లిన్ ఆర్ట్ ప్రైజు, 2014లో సస్టెయినబుల్ ఆర్కిటెక్చర్‌కి ఇచ్చే గ్లోబల్ అవార్డు, 2019లో మార్కస్ ప్రైజు, నువ్వే వెతుక్కుని చదువుతావు. నువ్వు గమనించాల్సింది వేగం. మెక్సికోలోని కులియకాన్ నగరంలో ఆమె చేసిన బొటానికల్ గార్డెన్ పని ఏళ్ల తరబడి ముక్కలు ముక్కలుగా సాగింది. ఆమె గీసిన మసాత్లాన్ ఊరి అక్వేరియం 2023లో తెరిచేసరికి ఆమెకి యాభై దాటాయి. నీకు ఇరవై ఆరు.

ఆవిడతో మాట్లాడి ఈ ఆదివారం పొద్దున్న నాలుగింటికి వస్తామని చెప్పు. పిండి రుబ్బే వేళకి మనం అక్కడ ఉండాలి. కెమెరా బయటికి తీయకు, మొదటి గంట ఊరికే చూద్దాం. నా దగ్గరున్న టేపు 15 మీటర్లదే, నువ్వు 30ది తెచ్చుకో. ఆటో నేను మాట్లాడి ఉంచుతాను.

నీ
మేనత్త