పురావస్తు శాస్త్రంలో ఎంఏ చేయాలా, వారసత్వ నిర్వహణ చదవాలా?

కందుకూరులో బీఏ చరిత్ర పూర్తి కావస్తోందని, ఇంట్లో బీఈడీ చేయమంటున్నారని, మీ మనసు మాత్రం శాసనాల మీద ఉందని రాశారు. ఎంఏ పురావస్తు శాస్త్రమా, వారసత్వ నిర్వహణా (పాత కట్టడాలను, అక్కడికొచ్చే జనాన్ని చూసుకునే చదువు) అన్నది మీ ప్రశ్న. నాది కనిగిరి ప్రాంతం. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రం చదివాను. ఇప్పుడు పాత ఆలయాలు, కోటల పరిరక్షణకు నివేదికలు తయారుచేసే పనిలో ఉన్నాను. నా సలహా ఒకటే: ముందు పురావస్తు శాస్త్రం చదవండి. నిర్వహణ ఆ తర్వాత.

కారణం మన ప్రాంతంలోనే ఉంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడక ముందు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లాలోనివే. ఆ పాత నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి తాలూకాల వారీగా మూడు సంపుటాలుగా 1905లో ప్రచురించారు. ఎంఏలో పరిశోధన వ్యాసం కోసం ఆ సంపుటాలు పట్టుకుని మా తాలూకా ఊళ్లు తిరిగాను. కొన్ని రాళ్లు రాసినచోటే ఉన్నాయి. కొన్ని జీర్ణోద్ధరణలో గుడి మెట్లయ్యాయి. కొన్నింటి మీద ఎనామిల్ రంగు పడింది, అక్షరం దొరకదు. కొన్ని ఏమయ్యాయో ఊళ్లో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ రాళ్లలో చెరువులకు చేసిన దానాలున్నాయి, పన్నుల మినహాయింపులున్నాయి, మన ఊళ్ల పాత పేర్లున్నాయి. రాయి పోతే ఆ ఊరి సాక్ష్యం పోయినట్టే.

శాసనం నకలు తీయడం నేను నేర్చుకున్న పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. రాతిని నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో శుభ్రం చేయాలి. తడిపిన కాగితాన్ని గాలి బుడగ లేకుండా పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టాలి. కొంచెం ఆరాక సిరా అద్దాలి. నల్లటి నేల మీద తెల్లగా అక్షరాలు తేలుతాయి. కంటికి ఆనని వరుసలు కూడా అప్పుడు చదవొచ్చు. కానీ ఊళ్లోకి వెళ్లగానే గుప్తనిధుల వాళ్లమనుకుంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. విశ్వవిద్యాలయం ఇచ్చిన ఉత్తరం వెంట ఉంచుకుని, ముందు సర్పంచిని, పూజారిని కలవాలి. చదివిన శాసనాన్ని రచ్చబండ దగ్గర పెద్దవాళ్లకు వివరించి చెప్పండి. తమ ఊరి చెరువు ఎవరు తవ్వించారో విన్నవాళ్లు ఆ రాతి మీద ఇక రంగు పోయనివ్వరు.

నిర్వహణ అక్కర్లేదని నా ఉద్దేశం కాదు. నా ఇప్పటి పనిలో సగం అదే. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు నిర్మాణాలు నిషేధం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ ఇల్లున్న రైతుకు దీన్ని ఎలా వివరించాలి, భైరవకోన గుహాలయాల వంటి చోట పండగ జనాన్ని ఎలా నడిపించాలి, ఇవన్నీ ఆ కోర్సు నేర్పే విషయాలే. అయితే దానికి పునాది నమోదు, అంటే ఉన్నదాన్ని ఫోటోలతో, కొలతలతో రాసిపెట్టడం. గుండ్లకమ్మ ఒడ్డునున్న చందవరం బౌద్ధ క్షేత్రం నుంచి దొంగిలించిన శిల్పం ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరి, 2016లో తిరిగి వచ్చింది. పోయిన శిల్పం మనదని నిరూపించాలంటే అది పోకముందు తీసిన ఫోటో, కొలతలు ఎవరో ఒకరు భద్రపరిచి ఉండాలి. ఆ ఎవరో ఒకరు మీరు కావాలని నా కోరిక.

తిరుపతితో పాటు నాగార్జున, యోగి వేమన విశ్వవిద్యాలయాలూ చూడండి. బయటికి వెళ్లగలిగితే పుణెలోని దక్కన్ కళాశాల, వడోదరలోని ఎంఎస్ విశ్వవిద్యాలయం. మన ప్రకాశం జిల్లాలో 41 వేల ఏళ్ల నాటి ఉష్ట్రపక్షి (నిప్పుకోడి) గూడు బయటపడినట్టు 2024లో ప్రకటించింది వడోదర బృందమే. ఎంఏ తర్వాత గ్రేటర్ నోయిడాలో పురావస్తు సర్వేక్షణ శాఖ నడిపే రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది, స్టైపెండ్ కూడా ఇస్తారు. వారసత్వ నిర్వహణకు అహ్మదాబాద్ విశ్వవిద్యాలయం ఉంది, ప్రైవేటు సంస్థ కాబట్టి ఫీజు ముందే కనుక్కోండి.

ఉద్యోగాల సంగతి దాచను. ప్రభుత్వ పోస్టులు తక్కువ, ప్రకటనలు ఏటా రావు. ఇంటికి మీ సంపాదన వెంటనే అవసరమైతే బీఈడీ చేసి, పాఠాలు చెబుతూ ఎంఏ దూరవిద్యలో చేసే దారి చూడండి, అందులో చిన్నతనం లేదు. రెండేళ్లు ఆగగలిగితే మాత్రం ఎంఏలో చేరి, నెట్ (కళాశాల అధ్యాపకుల అర్హత పరీక్ష) రాయండి. బ్రాహ్మీ నుంచి పాత తెలుగు-కన్నడ లిపి దాకా చదవడం, క్యూజీఐఎస్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో పటాలు గీయడం కూడా నేర్చుకోండి. నివేదికల పనికి మనిషిని తీసుకునేటప్పుడు మేము మొదట అడిగేవి ఈ రెండే.

దరఖాస్తు చేసే ముందు ఆ విశ్వవిద్యాలయ పురావస్తు శాఖలో రెండో ఏడాది చదువుతున్న విద్యార్థిని కలిసి, క్షేత్ర శిక్షణకు ఎక్కడికి తీసుకెళ్లారో, కందకంలోకి దిగి తవ్వారో, గట్టు మీద నిలబడి చూశారో అడగండి. తవ్వకం చేయించని శాఖ అయితే మరొకటి చూసుకోండి.