వెత్ ఇంటర్‌ఫేస్‌లో ప్యాకెట్లు పోతుంటే క్యూ సైజు పెంచితే సరిపోతుందా?

సరిపోదు. కంటైనర్‌కు (సర్వర్ లోపలే విడిగా నడిచే పెట్టె లాంటిది) వెళ్లే వెత్‌లో, అంటే లినక్స్‌లో రెండు కొసలుండే ఉత్తుత్తి నెట్‌వర్క్ తీగలో, టీఎక్స్ డ్రాప్స్ (పంపేటప్పుడు పోయే ప్యాకెట్లు) పెరుగుతున్నాయి, అసలు నెట్‌వర్క్ కార్డులో ఒక్క ఎర్రర్ లేదు, టీఎక్స్‌క్యూలెన్ (పంపే క్యూ పొడవు) 10,000 చేసినా తేడా రాలేదు అని రాశారు. సరిగ్గా ఇదే గొడవ నేనూ పడ్డాను. అదీ ఆఫీసులో కూర్చుని కాదు, కోవూరు దగ్గర ఒక రైస్ మిల్లు ముందు, ట్రాక్టర్ల వరసలో.

పోయిన ఎడగారు (మా దగ్గర రెండో పంట) కోతలప్పుడు ఇంటి నుంచే పని అని ఊళ్లో ఉన్నాను. నాయనకు జ్వరం, అందుకని వడ్ల లోడు వెంట నన్ను పంపారు. వెళ్లేసరికి మిల్లు యార్డు నిండిపోయి గేటు వేసేశారు, మా ముందు పద్నాలుగు ట్రాక్టర్లు. పొలాల్లో కోత మిషన్లు మాత్రం ఆగలేదు, ఎందుకంటే వాటికి గంట లెక్కన బాడుగ, ఆపితే రైతుకే నష్టం, పైగా ఇక్కడ గేటు మూశారని అక్కడ చెప్పే దిక్కు లేదు. ట్రక్కు వెనక ట్రక్కు వస్తూనే ఉంది. ఆఖర్న వచ్చిన ఇద్దరు విసిగిపోయి రోడ్డు పక్కన పోసేసి పోయారు. సాయంత్రం వాన. తడిసిన వడ్లకు తేమ పేరు చెప్పి పుట్టికి ఎంత తరుగు తీస్తారో ఆ లెక్క ఏ శాస్త్రంలోనూ ఉండదు (పుట్టి అంటే మా దగ్గర 850 కిలోలు, బయటి వాళ్ల కోసం చెప్తున్నా).

ఆ వరసలో ఉండగానే మా టీమ్ కుర్రాడి ఫోన్. "అన్నా, లాగ్స్ మళ్లీ పోతున్నాయి, సార్ రింగ్ సైజు పెంచమంటున్నాడు." ట్రక్కు తొట్టి మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఫోన్ హాట్‌స్పాట్‌తో సర్వర్‌లోకి వెళ్లాను. సర్వర్‌లో ఒక ప్రోగ్రాం యూడీపీలో (చేరిందో లేదో చూడకుండా పంపే పద్ధతి) లాగ్స్‌ను కంటైనర్‌కు తోస్తుంది, మధ్యలో వెత్ జత. కంటైనర్ వైపు ఎక్స్‌డీపీ ప్రోగ్రాం (ప్యాకెట్ రాగానే పట్టి చూసేది) తగిలించి ఉంది, దాంతో వెత్ న్యాపీ పద్ధతిలోకి (ప్యాకెట్లను గుంపుగా తీసుకోవడం) మారి మధ్యలో ఒక రింగ్, అంటే ప్యాకెట్లు కాసేపు ఆగే గళ్ల వరస, వస్తుంది. దానికి 256 గళ్లు, అంతే. అది చాలదన్నట్టు ఎవరో పుణ్యాత్ముడు థ్రెడెడ్ న్యాపీ ఆన్ చేశాడు. అంటే ఖాళీ చేసే పని కెర్నల్‌లో (లినక్స్ గుండెకాయ) ఒక థ్రెడ్‌ది, దానికి సీపీయూ ఎప్పుడు దొరికితే అప్పుడు. సెకనుకు 10 లక్షల ప్యాకెట్లు వస్తున్నాయనుకోండి, ఆ థ్రెడ్ పావు మిల్లీసెకను ఆలస్యమైతే చాలు, గళ్లన్నీ నిండిపోతాయి. ఆ తర్వాత వచ్చినదాన్ని వెత్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ పారేసి, డ్రాప్స్ లెక్కలో ఒకటి కలుపుకుంటుంది. పంపేవాడు పంపుతూనే ఉంటాడు.

నా ఎదురుగా జరుగుతున్నదీ అదే కదా అని నవ్వొచ్చింది, పక్క ట్రాక్టర్ డ్రైవర్ వింతగా చూశాడు.

మీ టీఎక్స్‌క్యూలెన్ ఎందుకు పనిచేయలేదంటే, వెత్‌కు మామూలుగా ఉండే క్యూడిస్క్ (పంపే ముందు ప్యాకెట్లను వరసలో పెట్టే ఏర్పాటు) నోక్యూ, అంటే క్యూ లేనిది. అసలు క్యూనే లేనప్పుడు దాని పొడవు పదివేలైతే ఏంటి, లక్షైతే ఏంటి? పాత కెర్నల్‌లో ఎఫ్‌క్యూ కోడెల్ అనే క్యూడిస్క్ తగిలించినా లాభం లేదు, రింగ్ నిండితే వెత్ వెనక్కి చెప్పకుండా పారేసేది. నిజం కార్డుల డ్రైవర్లు అలా చేయవు, వర్చువల్ మిషన్లలో వాడే వర్టియో నెట్ కూడా చేయదు, రింగ్‌లో చోటు తగ్గగానే క్యూని ఆపేస్తాయి. వెత్‌కు ఆ బుద్ధి 2025లో వచ్చిన 6.16 కెర్నల్‌తో వచ్చింది. రింగ్ నిండితే క్యూ ఆపి, బిజీ అని చెప్పి ప్యాకెట్‌ను క్యూడిస్క్‌కే తిప్పి పంపుతుంది, అవతలివైపు ఖాళీ కాగానే మళ్లీ లేపుతుంది. ఒక్క షరతు, క్యూడిస్క్ మీరే తగిలించాలి. నోక్యూ అలాగే వదిలేస్తే ఎప్పటిలాగే పారేస్తుంది. చాలామంది కెర్నల్ మార్చి, ఇది మర్చిపోయి, పని చేయలేదని తిడతారు.

మేం కెర్నల్ మార్చి, ఎఫ్‌క్యూ కోడెల్ పెట్టాక వెత్‌లో డ్రాప్స్ సున్నా. మావి అదే సర్వర్‌లో పుట్టిన ప్యాకెట్లు కాబట్టి ఇంకో లాభం కూడా ఉంది. క్యూడిస్క్‌లో ఉన్నంతసేపూ ఆ బైట్లు సాకెట్ (ప్రోగ్రాం పంపే ద్వారం) ఖాతాలోనే ఉంటాయి, దాని సెండ్ బఫర్ (పంపే నిల్వ) నిండితే ప్రోగ్రామే ఆగుతుంది. అంటే వడ్లు పైరు మీదే ఉంటాయి, రోడ్డు మీద తడవవు. బయటి నుంచి వచ్చి మీ సర్వర్ మీదుగా పోయే ట్రాఫిక్‌కు ఈ సుఖం లేదు, అక్కడ ఆపడానికి సాకెట్ ఉండదు. ఎక్కువైతే క్యూడిస్క్ పారేస్తుంది, కాకపోతే ఎవరిది పారేయాలో కాస్త చూసి పారేస్తుంది. ఎఫ్‌క్యూ కోడెల్ ప్రవాహాలను విడదీసి, క్యూలో ఆలస్యం 5 మిల్లీసెకన్లు దాటి 100 మిల్లీసెకన్లపాటు తగ్గకపోతేనే పారేయడం మొదలుపెడుతుంది. టీసీపీ (చేరిందో లేదో చూసుకుంటూ పంపే పద్ధతి) అది చూసి వేగం తగ్గించుకుంటుంది.

ఇక "రింగ్ పెంచు" బ్యాచ్ గురించి. వీళ్లకు ప్రతి జబ్బుకూ ఒకటే మందు. యార్డు రెండింతలు చేస్తే ఇంకో పాతిక ట్రాక్టర్లు లోపల నిలబడతాయి, వడ్లు ఆడే మరలు అవే కదా? డ్యాష్‌బోర్డులో డ్రాప్స్ తగ్గి పచ్చగా కనిపిస్తుంది, ఆలస్యం మాత్రం పెరుగుతుంది, అప్పుడు "అప్లికేషన్ స్లో" అని ఇంకో టీమ్ నెత్తిన వేస్తారు. మా సార్‌తో ఆ రాత్రి అరగంట వాదించాను, ఒప్పుకోలేదు, పొద్దున గ్రాఫ్ పంపాక బొటనవేలి ఎమోజీ ఒకటి పెట్టాడు.

ఆపడం తేలికే, లేపడంలోనే ఉంది చిక్కంతా. మీరు క్యూ ఆపుతున్న ఆ క్షణంలోనే అవతలివాడు రింగ్ మొత్తం ఖాళీ చేసేశాడనుకోండి, ఇక లేపేవాడు ఉండడు, క్యూ అలాగే నిద్రపోతుంది. అందుకే ఆపాక మళ్లీ ఒకసారి రింగ్ చూసుకోవాలి. వెత్‌లోనే ఈ తేడా బయటపడి తర్వాత సరిచేశారు. కాబట్టి 6.16 అని మొదటిదే పట్టుకోకుండా సవరణలు కలిసిన కొత్తది వేసుకోండి.

మా లోడు ఆ రోజు రాత్రి పదకొండుకు దిగింది. ఇప్పుడు నాయన కోత మిషన్‌ను పిలిచే ముందు మిల్లు గుమాస్తాకు ఫోన్ చేస్తున్నాడు. గుమాస్తా ఎత్తడు.