కొరియా వెళ్తే ఇంటి వంట క్లాసు, మార్కెట్ టూర్‌కి డబ్బు పెట్టొచ్చా? మా అమ్మని తీసుకెళ్ళొచ్చాక నా జవాబు

మీ ప్రశ్న ఏంటంటే, సియోల్‌లో 6 రోజులు ఉంటున్నారు, ముందు మార్కెట్ తిప్పి తర్వాత వాళ్ళింట్లోనే వంట నేర్పించే క్లాసులు ఉన్నాయట, మనిషికి 5 వేల పైన అడుగుతున్నారు, కిమ్చీ (క్యాబేజీకి కారం పట్టించి పులియబెట్టేది) యూట్యూబ్‌లో చూసి చేసుకోవచ్చు కదా, ఇది దండగా అని.

దండగ కాదండి. ఆ 6 రోజుల్లో నమ్‌సాన్ టవర్ ఎక్కడం మానేసినా పర్లేదు కానీ ఇది మానొద్దు. ఒకవేళ మీ అమ్మగారో అత్తగారో కూడా వస్తుంటే అసలు ఆలోచించకుండా బుక్ చేసేయండి, ఎందుకో చెప్తా.

మా తమ్ముడు సియోల్ దగ్గర సువాన్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తాడు, వాడి దగ్గరికని పోయిన నవంబర్‌లో నేనూ అమ్మా వెళ్ళాం. అమ్మకి 63, పుట్టిందీ పెరిగిందీ తెనాలి, గుడ్డు కూడా ముట్టదు. బయల్దేరే ముందు చుట్టాలంతా ఒకటే గోల, అక్కడ నీకు తిండేం దొరుకుతుంది వదినా, పాములు తింటారట, కుక్కల్ని తింటారట అని. దాంతో సూట్‌కేసులో సగం ఉప్మా ప్యాకెట్లు, పులిహోర పేస్టు, కందిపొడి. నాకు దీని మీద చాలా కోపం. మనవాళ్ళు ఏ దేశం వెళ్ళినా ప్యాకేజీ టూర్‌లో వెళ్తారు, పొద్దున ఉప్మా ప్యాకెట్, మధ్యాహ్నం ఇండియన్ రెస్టారెంట్, రాత్రి ఇండియన్ రెస్టారెంట్, తిరిగొచ్చి అక్కడ తిండి బాలేదు అంటారు. తింటే కదా బాగుందో లేదో తెలిసేది.

క్లాసుల సంగతికొస్తే రెండు రకాలున్నాయి, ఇది తెలీకే చాలామంది మోసపోతారు. నేను అంతకుముందు ఒకసారి ఒక్కదాన్నే వెళ్ళినప్పుడు టూరిస్టులు తిరిగే ఏరియాలో ఒక స్టూడియో క్లాసుకి వెళ్ళా, పేరులో ఇంటి వంట అని ఉంది, తీరా చూస్తే వరసగా స్టవ్‌లు, గిన్నెల్లో ముందే కొలిచి పెట్టిన కారం, ఉప్పు, సాస్, మనం చేసేది అవన్నీ ఒకదాంట్లో ఒకటి ఒంపడం, గంటన్నరలో అయిపోయింది, చివర్లో హాన్‌బొక్ అని వాళ్ళ సంప్రదాయ బట్టలు వేసి ఫొటో. అది దండగే. మీరు బుక్ చేసే ముందు రెండే అడగండి, మార్కెట్‌కి ముందు వెళ్తామా, వంట ఎవరింట్లో అని. రెండిటికీ సూటిగా జవాబు రాకపోతే వదిలేయండి.

ఈసారి తీసుకున్నది మాంగ్‌వొన్ మార్కెట్ దగ్గర, సబ్‌వే 6వ లైన్‌లో మాంగ్‌వొన్ స్టేషన్లో దిగి నడిచి వెళ్ళిపోవచ్చు. మనిషికి 90,000 వన్, మన డబ్బుల్లో 5500 దాకా. నేర్పించేది ఒక పెద్దావిడ, మా అమ్మ వయసే ఉంటుంది, ఇంగ్లీష్ రాదు, వాళ్ళమ్మాయి చెప్తుంది. మేం నలుగురమే.

నవంబర్ అంటే అక్కడ కింజాంగ్ రోజులు, చలికాలం మొత్తానికీ సరిపడా కిమ్చీ ఒకేసారి పెట్టుకుంటారు, అక్కచెల్లెళ్ళు, ఇరుగూపొరుగూ కూడి కూర్చుని చేస్తారు, ఆ పద్ధతిని 2013లో యునెస్కో కూడా వారసత్వం లిస్టులో పెట్టింది. మార్కెట్ అంతా పొడుగు క్యాబేజీలు గుట్టలుగా పోసున్నాయి, ఒక్కోటి రెండు మూడు కిలోలు, పక్కన తెల్లటి లావు ముల్లంగులు, దొడ్డుప్పు బస్తాలు. అమ్మ ఆ గుట్టలు చూసి ఆగిపోయింది. మే నెలలో తెనాలిలో ఆవకాయ మామిడికాయలు కొట్టించే చోట ఎలా ఉంటుందో అచ్చం అలాగే, ఆడవాళ్ళు కాయ పట్టుకుని బరువు చూడటం, ఆకు విరిచి చూడటం, బేరం, మోసేవాళ్ళ అరుపులు. అప్పటిదాకా నా చెయ్యి పట్టుకుని నడుస్తున్న మనిషి చెయ్యి వదిలేసి ముందుకెళ్ళిపోయింది.

తర్వాత ఒక మర దగ్గరికి తీసుకెళ్ళారు, కారం పట్టే మర, అక్కడే నువ్వుల నూనె కూడా ఆడతారు. ఎండుమిరపకాయలు గుడ్డతో తుడిచి, తొడిమ తీసి, గింజలు చాలావరకు దులిపేసి అప్పుడు పడతారట, అదీ బరకగా. అమ్మ చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి వాసన చూసి నాలిక మీద వేసుకుంది, ఒక నిమిషం ఏం మాట్లాడలేదు, "తియ్యగా ఉందే, రంగు చూడు" అంది. దాని పేరు గొచుగారు అని ఆ అమ్మాయి చెప్పింది, గొచు అంటే మిరపకాయ, గారు అంటే పొడి. "మిరపకాయకి గారు పెట్టి పిలుస్తారా వీళ్ళు" అని అమ్మ ఒకటే నవ్వు, నేను అది ఇంగ్లీష్‌లో చెప్పేసరికి వాళ్ళిద్దరూ కూడా నవ్వారు, ఆ తర్వాత రోజంతా ఆ పెద్దావిడ కారం డబ్బా చూపించినప్పుడల్లా అమ్మకి దణ్ణం పెట్టి "గొచు గారు" అనడం.

నువ్వుల నూనె దగ్గర ఇంకోటి తెలిసింది. మన గానుగలో నువ్వులు పచ్చివే ఆడతారు, వాళ్ళు ముందు బాగా వేయించి ఆడతారు, అందుకే ఆ నూనె ముదురు రంగు, వాసన వీధి చివరికి వస్తుంది. దాంతో వేయించడం తక్కువ, ఎక్కువగా వంట అయ్యాక పైన ఒక చెంచా అంతే. ఇది తెలీక మనవాళ్ళు మన పప్పునూనె పోసి జాప్చే (వాళ్ళ నూడుల్స్) చేసి ఆ రుచి రాలేదు అంటారు, ఎలా వస్తుంది.

ఇంటికెళ్ళాం, గుమ్మంలో చెప్పులు విప్పాలి, అక్కడే అమ్మకి సగం నచ్చేసింది. ఆవిడ ముందు బియ్యం కడిగింది, మొదటి నీళ్ళు పారబోసి రెండోసారి కడిగిన నీళ్ళు గిన్నెలో పక్కన పెట్టింది. అమ్మ నా మోచెయ్యి గుచ్చి "కడుగు దాస్తోంది చూడు" అంది. అది కుడితిలోకి కాదండి, ద్వెన్‌జాంగ్ అని సోయా గింజల్ని పులియబెట్టి చేసే ముద్ద ఉంటుంది, దాంతో పులుసు పెడతారు, దానికి ఈ కడుగే వాడతారు, చిక్కదనం వస్తుందని. మా నాయనమ్మ రోజుల్లో కడుగుతో కలి పెట్టేవారట, అమ్మ ఆ సంగతంతా అక్కడ నిలబడి తెలుగులోనే ఆవిడకి చెప్పేసింది, ఆవిడ తలూపుతూ మొత్తం వింది. ఇలాంటిది ఏ వీడియోలో వస్తుంది? వీడియోలో నీళ్ళు అర లీటరు అని ఉంటుంది అంతే.

కిమ్చీకి క్యాబేజీ ముందురోజు రాత్రే ఉప్పులో వేసి ఉంచారు. మొదలు దగ్గర కొంచెం కత్తితో కోసి మిగతాది చేత్తో చీల్చాలి, మొత్తం కోస్తే లోపలి ఆకులు రాలిపోతాయి. మామూలుగా అందులో ఉప్పురొయ్యలు, చేప సాస్ వేస్తారు, మేం శాకాహారం అని బుక్ చేసినప్పుడే రాశాం కాబట్టి ఆవిడ సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులు మరిగించిన నీళ్ళు, పులుసుల్లో వాడే సోయా సాస్ పెట్టింది. జిగురు బియ్యప్పిండితో జావ కాచి, అందులో గొచుగారు, అల్లం, వెల్లుల్లి, సన్నగా తరిగిన ముల్లంగి, ఉల్లికాడలు కలపాలి. ఆ జావ వల్లే కారం ఆకుకి అంటుకుంటుంది, పులియడానికి కూడా అదే ఆహారం.

అందరికీ గ్లవ్స్ ఇచ్చారు. అమ్మ తొడుక్కుని రెండు ఆకులు రాసి తీసేసింది. నేను అయ్యో అమ్మా అనబోతే ఆ పెద్దావిడ నన్ను ఆపి, తన గ్లవ్స్ కూడా తీసేసి "సొన్‌మత్" అంది. సొన్ అంటే చెయ్యి, మత్ అంటే రుచి. వాళ్ళమ్మాయి వివరించబోతుంటే అమ్మ "చేతి రుచి అంటోంది, అంతేగా" అంది, ఎవరూ చెప్పకుండానే. ఇక ఆ ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఆకు ఆకుకీ రాసుకుంటూ పోయారు, తెల్లటి మొదలు దగ్గర ఎక్కువ, చివర తక్కువ, ఆవిడ కొరియన్‌లో అమ్మ తెలుగులో. మాటలు తెలీకపోయినా ఏదో నడిచిపోతోంది.

అయ్యాక ఆవిడ లేత ఆకు ఒకటి చుట్టి తీసుకొచ్చి అమ్మ నోటి దగ్గర పెట్టి "ఒమొనిమ్" అంది, అంటే అమ్మగారూ అని. కింజాంగ్ రోజున అలా పక్కవాళ్ళ నోట్లో పెట్టడం వాళ్ళ అలవాటు. నేను ఊపిరి బిగబట్టాను. మా అమ్మ సంగతి నాకు తెలుసు, ఎంగిలి, అంటు అంటే మహా పట్టింపు, నా పిల్లలు తాగిన గ్లాసు కూడా వేరే పెడుతుంది, పెళ్ళిళ్ళలో ఎవరైనా స్వీటు నోట్లో పెట్టబోతే చేత్తో తీసుకుంటుంది. నోరు తెరిచింది. తినేసి, తనూ ఒక ఆకు చుట్టి ఆవిడకి పెట్టింది, మేం ఆవకాయ కలిపిన రోజు ఆ పళ్ళెంలో అన్నం కలిపి ముద్దలు పెట్టినట్టే. ఫొటో తియ్యడం కూడా గుర్తులేదు నాకు.

ద్వెన్‌జాంగ్ పులుసు మాత్రం బల్ల మధ్యలో ఒకే గిన్నె, అందరూ ఎవరి చెంచా వాళ్ళు ముంచుకుంటారు. అక్కడ మాత్రం విడిగా చిన్న గిన్నె అడిగాం, ఏమీ అనుకోలేదు, ఆనందంగా ఇచ్చారు. మీరూ అడగండి, మొహమాటం వద్దు.

ఇంకో మాట చెప్పాలి. కిమ్చీ అంటే కొరియా ఆవకాయ అని చెప్పే వీడియోలు మనవైపు బోలెడు, అది తప్పు. ఆవకాయకి నీటి చుక్క తగలకూడదు, ఉప్పు, ఆవపిండి, నూనె దాన్ని కాపాడతాయి. కిమ్చీ మొత్తం నీళ్ళే, అది రోజురోజుకీ పులిసి తనంతట తాను నిలవ అవుతుంది. కలపడంలో, కలిసి కూర్చోవడంలో ఒకటే గానీ పదార్థం వేరు. వెనిగర్ పోసి గుంటూరు కారం వేసి అరగంటలో కిమ్చీ అంటారు చూడండి, అది నాకసలు నచ్చదు, పులుపు పొయ్యడం వేరు పులియడం వేరు. గుంటూరు కారం ఆ మోతాదులో వేస్తే నోట్లో పెట్టలేరు, గొచుగారు దొరక్కపోతే బ్యాడిగి మిరపకాయలు గింజలు తీసి బరకగా పట్టించుకోండి, దగ్గరగా వస్తుంది.

శాకాహారులైతే క్లాసు బుక్ చేసేటప్పుడే మాంసం, చేప, రొయ్య, చేప సాస్, ఎండుచేపల నీళ్ళు అని ఒక్కొక్కటీ విడివిడిగా రాయండి, వెజ్ అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. హోటళ్ళలో పులుసులకి ఎక్కువగా ఎండు చేపలు మరిగించిన నీళ్ళే. ఉల్లి, వెల్లుల్లి కూడా తిననివాళ్ళయితే సియోల్‌లోనే జొగ్యెసా గుడి చుట్టుపక్కల బౌద్ధుల గుడి వంట దొరుకుతుంది, వాటిలో అవీ ఉండవు. 1905 నుంచి ఉన్న క్వాంగ్‌జాంగ్ మార్కెట్‌కి కూడా వెళ్ళండి, తిరగలి తిరుగుతూ పెసరపప్పు రుబ్బి పెనం మీద మందంగా వేస్తారు, బిందేత్తొక్ అంటారు, చాలాచోట్ల పంది మాంసం కలుపుతారు కాబట్టి మేం తినలేదు, కానీ అమ్మ ఆ తిరగలి ముందు పావుగంట నిలబడి పొట్టు తీసిన పప్పా కాదా అని పిండి దగ్గరికి వంగి చూసింది.

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్తే, మర దగ్గరికి రమ్మని నన్ను వెంటబెట్టుకెళ్ళింది. సంచిలో గింజలు దులిపిన బ్యాడిగి మిరపకాయలు, కిలో ఉంటాయి. మరాయన ఒక కాయ విరిచి చూసి "గింజ తీసేస్తే ఇంక కారం ఏముంటుందమ్మా" అన్నాడు. అమ్మ "కారానికి కాదు, నే ఆపమన్నప్పుడు ఆపు, మెత్తగా పట్టావంటే ఊరుకోను" అని మర పక్కనే నిలబడి, పడుతున్న పొడి చేతిలోకి తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూసుకుంటూ ఉంది.