స్కూలు ఫీజు మిగిలింది సరే, కార్డు బాకీ మాటేమిటి?

ప్రశ్న: మాది విజయనగరం. మా వారు పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తారు. చేతికి నెలకు రూ.52,000 వస్తుంది. నేను ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం మానేసి పిల్లలిద్దరికీ ఇంట్లోనే చదువు చెబుతున్నాను. పాపకు 8 ఏళ్ళు, బాబుకు 5. స్కూలు పిల్లలకు ఎక్స్‌కర్షన్లు, యాన్యువల్ డేలు ఉంటాయి. మా పిల్లలకు ఆ లోటు తెలియకూడదని నెలకు రెండు మూడుసార్లు మాల్‌కో, గేమ్ జోన్‌కో, రెస్టారెంటుకో తీసుకెళ్తాం. పాప పుస్తకం మొత్తం చదివినా, బాబు సైకిల్ నేర్చుకున్నా చిన్న పార్టీ చేస్తాం. ఇంటి ఖర్చు అద్దెతో కలిపి 33,000, సుకన్య ఖాతాకు 2,000, పాత పాలసీకి 2,000, కార్డుకు కనీస మొత్తం సుమారు 4,000 పోగా మిగిలిన 11,000 పిల్లల మీదే పెడుతున్నాం. చాలకపోతే క్రెడిట్ కార్డు. ఇప్పుడు కార్డు మీద 78,000 బాకీ ఉంది. బ్యాంకులో 35,000 ఉంది. డిసెంబరులో పాప పుట్టినరోజుకు ఢిల్లీ, ఆగ్రా తీసుకెళ్తామని మాటిచ్చాం. 2 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని, కార్డు తీర్చేసి, మిగిలినదాంతో వెళ్ళి రావచ్చా?

జవాబు: వద్దు. ఈ లోన్ తీసుకోకండి. ఒక్క జీతం మీద నడిచే చాలా ఇళ్ళలో ఇదే పొరపాటు చూస్తున్నాను, అందుకే మీ ఉత్తరానికి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆ పొరపాటు ‘స్కూలు ఫీజు మిగిలింది కదా’ అన్న లెక్క దగ్గర మొదలవుతుంది. ఫీజు మిగిలిన మాట నిజమే. దాంతోపాటు మీ జీతం కూడా ఆగిపోయింది. ఇద్దరు సంపాదించే ఇంట్లో ఒకరి ఉద్యోగం పోతే రెండోవారి జీతంతో బియ్యం, అద్దె గడుస్తాయి. మీ ఇంట్లో ఆ రెండో జీతం లేదు. కాబట్టి పక్కింటివాళ్ళకంటే మీ చేతిలో నిల్వ డబ్బు ఎక్కువ ఉండాలి. మీ దగ్గర ఉన్నది దాదాపు ఒక నెల ఖర్చు మాత్రమే. మిగిలిన విషయాలన్నిటికంటే నన్ను కంగారుపెట్టింది ఇదే.

కార్డు సంగతి చూడండి. బిల్లులో నెలకు మూడున్నర శాతం అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. మన ఊళ్ళ లెక్కలో అది నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. వీధి చివర వడ్డీ వ్యాపారి ఆ రేటు చెబితే దండం పెట్టి వచ్చేస్తారు కదా! ఆ రేటున 78,000కు నెల వడ్డీ 2,730. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 3,220. మీరు కట్టే 4,000లో అసలుకు చేరేది 800 కూడా లేదు. ఇంకొకటి, పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకినదానికి వడ్డీ లేని గడువు వర్తించదు. నిన్న ఆదివారం పిల్లలకు తినిపించిన ఐస్‌క్రీమ్ మీద కూడా ఆ రోజు నుంచే వడ్డీ పడుతోంది.

పర్సనల్ లోన్ 16 శాతానికి మూడేళ్ళకు తీసుకున్నారనుకుందాం. నెలకు 7,030 చొప్పున మొత్తం 2,53,000 దాకా కడతారు. పుట్టినరోజు ఒక్కరోజు, ఈఎంఐ 36 నెలలు. పైగా ఖాళీ అయిన కార్డు మళ్ళీ నిండుతుంది, నాకు ఆ విషయంలో అనుమానం లేదు. ఫోన్లో పది నిమిషాల్లో డబ్బు వేసే లోన్ యాప్‌ల జోలికి అసలు పోకండి. టూర్ కోసం అప్పు చేయడమే తప్పు, అందులో యాప్ అప్పు మరీ తప్పు.

బంగారం ఉంటే, కార్డు బాకీ మేరకు మాత్రమే, అంటే 78,000 మాత్రమే బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకుని కార్డు మూసేయండి. వడ్డీ దాదాపు 10 శాతం దగ్గర ఉంటుంది. ప్రస్తుతం పిల్లలకు పెడుతున్న 11,000, కార్డుకు కడుతున్న 4,000 కలిపితే 15,000. అందులో 8,000 గోల్డ్ లోన్‌కు, 4,000 అత్యవసర నిధికి, 3,000 పిల్లల సరదాలకు. పదకొండో నెలకల్లా నగలు ఇంటికొస్తాయి. ఆ తర్వాత 12,000 మొత్తం నిధిలోకే. మీకు 9 నెలల ఖర్చు, అంటే 3 లక్షలు ఉండాలి. ఇలా వెళితే రెండున్నరేళ్ళు పడుతుంది. ఎక్కువనిపిస్తుంది, కానీ దీనికి అడ్డదారి లేదు.

ఆరు నెలలు చాలదా అని అడుగుతారేమో. మనం ఉంటున్నది ఉత్తరాంధ్ర. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. అలాంటప్పుడు కరెంటు ఉండదు, ఏటీఎం పనిచేయదు. అందుకే నిధిలో 10,000 నోట్ల రూపంలో ఇంట్లో ఉంచండి, మిగతాది వేరే సేవింగ్స్ ఖాతాలోనో స్వల్పకాలిక డిపాజిట్‌లోనో వేయండి. ఆ ఖాతాకు యూపీఐ కలపకండి. ఫోన్లో కనిపించే డబ్బు నిలవదు.

ఇక బీమా. ఆ పాత పాలసీ తప్ప మీ ఉత్తరంలో దాని ప్రస్తావనే లేదు. కంపెనీ ఇచ్చే హెల్త్ పాలసీ ఉంటే ఉద్యోగం పోయిన రోజున అదీ పోతుంది, కాబట్టి నలుగురికీ సొంతంగా ఒక ఫ్యామిలీ పాలసీ ఉండాలి. మీ వారి పేరున వార్షిక ఆదాయానికి కనీసం 15 రెట్లు, అంటే కోటికి కాస్త తక్కువగా టర్మ్ కవర్ (గడువులోగా ఆయనకు ఏమైనా అయితేనే ఇంటికి డబ్బు వచ్చే బీమా) తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల ప్రీమియంపై జీఎస్టీ లేదు కూడా. మీ పేరున కూడా ఏదో ఒక కవర్ ఉండాలి. మీకేమైనా అయితే పిల్లలకు తల్లితోపాటు టీచరు కూడా ఉండరు, ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? ప్రీమియం కోసం సుకన్య ఖాతాలో ఈ ఏడాది కనీస మొత్తం 250 మాత్రమే వేసి, అక్కడ మిగిలిన నెలకు 2,000 ఇటు మళ్ళించండి. పాప చదువుకు ఇంకా పదేళ్ళ సమయం ఉంది. పాత పాలసీ కొనసాగించాలా వద్దా అన్నది సరెండర్ విలువ, అంటే మధ్యలో ఆపేస్తే చేతికొచ్చే మొత్తం, చూశాక తేల్చుకోండి.

పిల్లల షికార్లు మానేయమని నేను చెప్పను. అవే వాళ్ళ పాఠాలని నాకూ తెలుసు. ఇక్కడి పిల్లలకు మన జిల్లాల్లో చూడాల్సింది ఎంత ఉందో! శ్రీకాకుళం వెళ్ళి అక్కడి నుంచి శాలిహుండం చేరుకుంటే కొండ మీద బౌద్ధ స్తూపం, కింద వంశధార. ఆ నది కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే చోటు అదే రోజు చూపించవచ్చు. చలికాలంలో టెక్కలి దగ్గర తేలినీలాపురంలో పెలికన్లు, కొంగలు చెట్ల మీద గూళ్ళు కట్టుకుని పిల్లలకు తినిపిస్తుంటాయి. శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్ళుంటాయి. మీ ఊళ్ళోనే 1713లో కట్టిన కోట, గురజాడ అప్పారావు గారి ఇల్లు ఉన్నాయి. ఇవన్నీ చూశారో లేదో మీరు రాయలేదు, రాసింది మాల్, గేమ్ జోన్, రెస్టారెంటు బిల్లులే.

2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. ఆధార్ దగ్గర పెట్టుకుంటే మీకూ పాపకూ ఖర్చు లేదు, బాబుకు అర టికెట్ సరిపోతుంది. పులిహోర, మంచినీళ్ళు ఇంటి నుంచే. బాబు టికెట్, తాగిన కొబ్బరిబోండాల ధర, తిరిగొచ్చాక పర్సులో మిగిలిన చిల్లర, ఈ మూడూ పాప చేత పుస్తకంలో రాయించండి. 8 ఏళ్ళ పిల్లకు ఇంతకంటే మంచి కూడికలు, తీసివేతలు నేను చెప్పలేను. పుస్తకం పూర్తిచేసినందుకు, సైకిల్ తొక్కినందుకు పార్టీ అక్కర్లేదు, ఆ రోజు రాత్రి భోజనంలో ఏం ఉండాలో వాళ్ళనే నిర్ణయించనివ్వండి.

ఢిల్లీ మాట ఇచ్చారు కాబట్టి నిలబెట్టుకోవాలి, ఈ డిసెంబరులో మాత్రం కాదు. నగలు విడిపించుకున్నాక, ఆ 3,000లో మిగిలినంత వేరే డబ్బాలో వేస్తూ రండి. సమతా ఎక్స్‌ప్రెస్ విజయనగరంలోనే ఎక్కవచ్చు. తాజ్‌మహల్‌తో సహా పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్ళలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. పాపను కూర్చోబెట్టి, ఎందుకు వాయిదా వేస్తున్నామో అంకెలతో సహా చెప్పండి, ఆ వయసు పిల్లలకు అర్థమవుతుంది. ఈసారి పుట్టినరోజుకు బొర్రా గుహలకు రైల్లో తీసుకెళ్ళండి, దారిలో సొరంగాలు లెక్కపెట్టే పని పాపకు అప్పగించండి.

ఈ నెల కార్డు బిల్లు తేదీకి ముందే బ్యాంకుకు వెళ్ళండి. కార్డు బాకీ సున్నా అయ్యాక మూసివేత కోసం రాతపూర్వకంగా అడిగి, బాకీ లేదన్న పత్రం తీసుకోవడం మరచిపోకండి.